రెండు నిమిషాల వెస్టర్న్ ఓపెనింగ్ తీయడం ఎలా: గుర్రం లేకపోయినా పర్లేదు, ఎదురుచూపు ఉండాలి

ఫిల్మ్ కోర్సుల్లో, మీడియా క్లాసుల్లో స్టూడెంట్స్‌కి తరచూ ఇచ్చే అసైన్‌మెంట్ ఇది. సినిమా మొత్తం అక్కర్లేదు, మొదటి రెండు నిమిషాలు తీసి చూపించండి, టైటిల్స్ కూడా పడాలి అంటారు. అందులో ఎవరైనా మేం వెస్టర్న్, అంటే కౌబాయ్ సినిమా, తీస్తాం అంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది, ఎందుకంటే ఇద్దరు యాక్టర్లతో, ఒక్క డైలాగ్ లేకుండా, ఫోన్ కెమెరాతో తీసినా నిజం సినిమాలా కనిపించే అవకాశం ఈ జానర్‌లో చాలా ఎక్కువ. కానీ చాలా టీమ్‌లు మొదటి మీటింగ్‌లోనే టోపీ ఎక్కడ దొరుకుతుంది, తుపాకీ ఎవరు తెస్తారు, గుర్రం అద్దెకిస్తారా అని మొదలుపెడతాయి, రెండు వారాలు అక్కడే అయిపోతాయి. ఆ మూడూ లేకపోయినా వెస్టర్న్ వస్తుంది. ఎదురుచూపు లేకపోతే మాత్రం రాదు.

ఖాళీగా ఉన్న నేల, దాని మీద ఒక మనిషి, దూరం నుంచి వస్తున్న ఇంకేదో ఒకటి, అంతే ఫార్ములా. ఆ వచ్చేదేంటో తెలిసేదాకా చూసేవాళ్ళు కదలకూడదు. 1968లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే తీసిన వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్ ఓపెనింగ్ ఒకసారి పెట్టుకోండి, ముగ్గురు మనుషులు స్టేషన్‌లో ట్రైన్ కోసం కూర్చుంటారు, అంతే. ఒకడి మొహం మీద ఈగ, ఒకడి టోపీ మీద చుక్కచుక్కగా పడే నీళ్ళు, కిర్రుకిర్రుమంటూ తిరిగే గాలిమర, చాలాసేపటిదాకా మ్యూజిక్కే ఉండదు. అది మొదట మామూలుగా చూడండి, తర్వాత సౌండ్ మ్యూట్ చేసి చూడండి, మూడోసారి కళ్ళు మూసుకుని వినండి. ఏ పుస్తకమైనా ఆ మూడోసారి నేర్పినంత నేర్పదు అని నా నమ్మకం.

ఎడారి లేదు కదా మాకు అని కూడా అనుకోకండి. 1903లో వచ్చిన ద గ్రేట్ ట్రైన్ రాబరీ, ఈ జానర్‌కి తొలి పెద్ద హిట్, అది ఎక్కువభాగం తీసింది అమెరికా తూర్పు వైపున్న న్యూజెర్సీలో. లియోనే 1960ల్లో తీసిన సినిమాల్లో అమెరికాలా కనిపించే చాలా చోట్లు నిజానికి స్పెయిన్‌లోని ఆల్మెరియా ప్రాంతం. అంటే ఈ జానర్ పుట్టినప్పట్నుంచీ ఒక చోటుని ఇంకో చోటులా చూపించడం మీదే నడుస్తోంది, మీరూ ధైర్యంగా చెయ్యొచ్చు.

కథ కాదు, ఒక్క ప్రశ్న

రెండు నిమిషాల్లో కథ చెప్పలేరు, చెప్పాలని చూస్తే ట్రైలర్ అవుతుంది. ఓపెనింగ్ పని వేరు, ఒక్క ప్రశ్న పుట్టించి వదిలెయ్యాలి. అందుకే స్క్రిప్ట్ రాసే ముందు టీమ్ అందరూ కూర్చుని ఆ ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతున్నారంటే ఇంకా ఐడియా రెడీ కాలేదనే.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇకమీద అంతా దీని మీదే మాట్లాడుకుందాం. ఒకమ్మాయి బావి దగ్గర ఒంటరిగా నీళ్ళు తోడుతుంటుంది. దూరంగా ఒక మనిషి చుక్కలా కనిపిస్తాడు, నడుచుకుంటూ వస్తాడు. నీళ్ళు అడుగుతాడు, అదీ సైగతోనే, ఆమె ఇస్తుంది, తాగుతాడు. సంచిలోంచి పాత బూట్ల జత తీసి బావి గట్టు మీద పెడతాడు. ఆ బూటు మీద చిరిగిన చోట ఎర్ర దారంతో కుట్టు ఉంటుంది. ఆమె చొక్కా మోచేతి దగ్గర కూడా అదే ఎర్ర దారంతో అలాంటి కుట్టే ఉంటుంది, అది మనం మొదట్లోనే చూపించేశాం. ఆమె మొహం. టైటిల్.

ప్రశ్న ఏంటంటే, ఆ బూట్లు ఎవరివి, ఆ మనిషి ఏమయ్యాడు. తుపాకీ లేదు, గుర్రం లేదు, మాట లేదు. కానీ చూసినవాళ్ళకి ఆ ఇంట్లో ఒక మగమనిషి వెళ్ళి తిరిగి రాలేదని, ఆ బట్టలన్నీ కుట్టింది ఆమేనని, వచ్చినవాడికి ఏదో తెలుసని అన్నీ అర్థమైపోతాయి. ఇలాంటి ఒక్క వస్తువు మీ కథలో కూడా ఉండాలి, ముందు ఊరికే కనిపించి చివర్లో బరువెక్కే వస్తువు, ఉత్తరమో, గడియారమో, తాళంచెవో, ఏదైనా సరే కానీ క్లోజప్‌లో పట్టేంత చిన్నది, చూడగానే గుర్తుపట్టేలాంటిది అయితే మంచిది.

ఏ కాలం అన్నది ముందే తేల్చుకోండి

పాత వెస్టర్న్‌లు ఎక్కువగా అమెరికా అంతర్యుద్ధం అయిపోయిన 1865 నుంచి 1890 దాకా ఉన్న కాలంలో నడుస్తాయి. ఆ కాలమే తీయాలనుకుంటే ఫ్రేమ్‌లో ఏముంది అనేదాని మీద చాలా కఠినంగా ఉండాలి. ప్లాస్టిక్ బకెట్, చేతి వాచీ, ప్యాంట్ జిప్, షూ మీద బ్రాండ్ గుర్తు, ఇవి ఒక్కటి కనిపించినా మాయ పోతుంది. చేతి వాచీకి బదులు గొలుసు ఉన్న జేబు గడియారం, జిప్‌కి బదులు బటన్లు, ప్లాస్టిక్‌కి బదులు చెక్క, ఇనుము, గోనెగుడ్డ. చెక్క స్తంభాల మీద వెళ్ళే ఒకటి రెండు వైర్లు కనిపిస్తే పెద్ద కంగారు అక్కర్లేదు, అమెరికా ఆ చివర నుంచి ఈ చివరికి టెలిగ్రాఫ్ లైన్ 1861కే వచ్చేసింది కాబట్టి అవి టెలిగ్రాఫ్ తీగలని చెల్లిపోతాయి, పెద్ద ఇనుప కరెంటు టవర్ మాత్రం చెల్లదు. ముళ్ళ తీగ కంచె కూడా ఓకే, దానికి బాగా పేరొచ్చిన పేటెంట్ 1874ది.

ఇదంతా మోయలేం అనిపిస్తే ఈ కాలంలోనే జరిగే వెస్టర్న్ తీయండి, నియో వెస్టర్న్ అంటారు, అందులో పాత ట్రక్కు ఉండొచ్చు, పెట్రోల్ బంక్ ఉండొచ్చు, మనుషుల మధ్య దూరం, ఎండ, మాట తక్కువ, న్యాయం ఎవరు చేస్తారన్న ప్రశ్న ఉంటే చాలు. నేనైతే మొదటిసారి తీసేవాళ్ళకి ఇదే చెప్తాను.

బట్టల గురించి ఒకే మాట, కొత్తవి వద్దు. అద్దెకి తెచ్చిన కౌబాయ్ డ్రెస్ వేస్తే స్కూల్ ఫంక్షన్‌లా ఉంటుంది. ఇంట్లో ఉన్న పాత కాటన్ చొక్కా తీసుకుని కాలర్, మోచేతులు, జేబు అంచులు గరుకు కాగితంతో రుద్దండి, చిక్కటి టీ నీళ్ళలో నానబెట్టి ఆరేయండి, యాక్టర్‌ని రెండ్రోజులు అదే వేసుకుని తిరగమనండి. మొహం మీద చెమట, మెడ దగ్గర దుమ్ము. ఇంకోటి, పాత సినిమాల్లో చూశాం కదా అని ఎవరికో తల మీద ఈకలు పెట్టి విలన్‌ని చెయ్యకండి, అమెరికా ఆదివాసీ జాతుల్ని ఆ సినిమాలు చాలా అన్యాయంగా చూపించాయి, దాన్ని మళ్ళీ మోసుకురావాల్సిన పని మనకి లేదు. కౌబాయ్ పని పుట్టిందే మెక్సికో వాకెరోల, అంటే అక్కడి పశువుల కాపరుల దగ్గర్నుంచి, కౌబాయ్‌లలో నల్లజాతి వాళ్ళు కూడా పెద్ద సంఖ్యలో ఉండేవాళ్ళు, కాబట్టి ఆ టోపీ ఎవరి తల మీదైనా సరిపోతుంది.

లొకేషన్ రెక్కీ

స్క్రిప్ట్ పూర్తిగా అవ్వకముందే వెళ్ళి చోటు చూడండి, చోటు చూశాక స్క్రిప్ట్ మారుతుంది, మారాలి కూడా. మీకు కావల్సింది అందమైన చోటు కాదు, ఆకాశం ఎక్కువ కనిపించే చోటు. ఎండిన మైదానం, పంట కోసేసిన పొలం, రాళ్ళ క్వారీ పక్కన, మట్టి రోడ్డు, ఏదైనా సరే. నిలబడి చుట్టూ ఒక రౌండ్ ఫోన్‌తో వీడియో తీసుకోండి, ఏ వైపు టవర్లు, బిల్డింగులు లేవో ఆ వైపు గుర్తుపెట్టుకోండి, చాలాసార్లు నాలుగు వైపుల్లో ఒక్క వైపే శుభ్రంగా ఉంటుంది, ఫర్వాలేదు, ఆ ఒక్క వైపు చాలు.

మీరు ఏ టైమ్‌కి షూట్ చేస్తారో అదే టైమ్‌కి రెక్కీకి వెళ్ళండి, ఎండ ఎటునుంచి పడుతోందో చూడండి. కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు వినండి కూడా, పక్కన హైవే ఉందా, పంపు సెట్ ఉందా, కుక్కలున్నాయా. ఆ స్థలం ఎవరిదో వాళ్ళ దగ్గర పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకోండి. నీళ్ళు, నీడ, టాయిలెట్ ఎంత దూరమో రాసుకోండి, ఎండలో ఆరు గంటలు నిలబడే పని ఇది.

బావి విషయం చెప్పాలి. నిజం బావి గట్టు మీద యాక్టర్‌ని వంగమనడం, దాని చుట్టూ కెమెరా పట్టుకుని వెనక్కి నడవడం ప్రమాదం, అసలు వద్దు. రెండు గుంజలు పాతి, పైన అడ్డకర్ర కట్టి, దానికి ఒక పాత గిలక వేలాడదీసి, చేంతాడు, ఇనుప చేద తగిలిస్తే చాలు, కింద నాలుగు రాళ్ళు పేర్చి గట్టు అంచులా చూపిస్తే కింద గొయ్యి లేదని ఎవరికీ తెలీదు. వైడ్ షాట్‌లో అది దూరంగా ఉంటుంది, క్లోజప్‌లో గిలకే కనిపిస్తుంది.

షాట్ లిస్ట్, స్టోరీబోర్డ్

బొమ్మలు వెయ్యడం రాకపోయినా స్టోరీబోర్డ్ వెయ్యండి, గీతల మనుషులు చాలు. తర్వాత ఆ బొమ్మల్ని ఫోటో తీసి ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద వరసగా పెట్టి, గిలక శబ్దం నోటితోనైనా చేసి రికార్డ్ చేసి కింద పెట్టుకుని ప్లే చేసి చూడండి, ఏ షాట్ ఎంతసేపు ఉండాలో షూటింగ్‌కి ముందే తెలిసిపోతుంది. దీనికో సాయంత్రం పడుతుంది, షూట్‌లో సగం రోజు మిగులుతుంది.

మన ఉదాహరణని సెకన్లలో చూద్దాం. నల్ల స్క్రీన్ మీద గిలక శబ్దం మాత్రమే, 5 సెకన్లు. చాలా వైడ్ షాట్, ఫ్రేమ్‌లో ముప్పాతిక ఆకాశం, కింద ఓ మూల ఆమె, 12 సెకన్లు, ఇంతసేపా అని మీకు భయం వేస్తుంది, వెయ్యనివ్వండి, కట్ చెయ్యకండి. తర్వాత గిలక, చేతులు, మోచేతి కుట్టు, మూడు క్లోజప్‌లు ఒక్కోటి 3 సెకన్లు. హఠాత్తుగా గిలక ఆగుతుంది. ఆమె మొహం, ఎటో చూస్తోంది, 4 సెకన్లు. ఆమె చూసేది, హొరైజన్ మీద చుక్క, 10 సెకన్లు, ఆ చుక్క కదులుతోందా లేదా అని తెలీకూడదు. గిలక మళ్ళీ మొదలవుతుంది, ఈసారి కాస్త స్పీడ్‌గా, 6. నేల మీద నడిచే కాళ్ళు, దుమ్ము, 4. మళ్ళీ వైడ్, ఇప్పుడు ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో, మధ్యలో అంత ఖాళీ, 10. ఆమె భుజం మీదుగా అతను దగ్గరికి రావడం, 8. టోపీ నీడలో అతని మొహం, పెదాలు మాత్రమే కనిపిస్తాయి, 4. తాగడం 12. బూట్లు పెట్టడం 8. కుట్టు క్లోజప్ 5. ఆమె మొహం 10. టైటిల్ 13. కూడితే 120 సెకన్లు.

గమనించారా, ప్రతిసారీ చాలా దూరం నుంచి చాలా దగ్గరికి దూకుతున్నాం. మధ్యస్థం షాట్లు ఎక్కువైతే సీరియల్‌లా అవుతుంది. వెస్టర్న్‌కే సొంతమైన మధ్యస్థం షాట్ ఒకటుంది, తొడల సగం దగ్గర్నుంచి పైకి పెట్టే ఫ్రేమ్, నడుముకున్న తుపాకీ తోలు సంచి కనిపించాలని అలా పెట్టేవాళ్ళు, కౌబాయ్ షాట్ అంటారు. తుపాకీ లేకపోయినా చేతులు ఏం చేస్తున్నాయో కనిపిస్తాయి కాబట్టి ఒకటి రెండుచోట్ల వాడండి.

ఇద్దరు ఎదురెదురుగా నిలబడే సీన్ ఉంటే వాళ్ళిద్దరి మధ్య ఒక గీత ఊహించుకోండి, కెమెరా ఎప్పుడూ ఆ గీతకి ఒక పక్కనే ఉండాలి. దాటితే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు కనిపిస్తుంది, ఎదురుచూపు, ఎదురుపడడం అన్నీ కలగాపులగం అయిపోతాయి.

తుపాకీ పెట్టాలనే అనుకుంటే

నేను ముందు అడిగేది, తీసేస్తే మీ ప్రశ్న పోతుందా? పోకపోతే తీసెయ్యండి. కావాల్సిందే అంటే బొమ్మ తుపాకీ మాత్రమే, నిజమైనది ఖాళీగా ఉన్నా సరే సెట్‌లోకి రాకూడదు, పేలుడు క్యాప్‌లు, బ్లాంక్‌లు (గుండు లేని తూటాలు) అస్సలు వద్దు. బయట చోటైతే పోలీసులకి, చుట్టుపక్కల వాళ్ళకి ముందే చెప్పండి, టీచర్‌కి తెలియాలి. షాట్ లేనప్పుడు అది ఒక్కరి దగ్గరే, సంచిలో ఉండాలి. ఎవరి మొహం మీదకీ గురిపెట్టకుండా కెమెరా కోణంతో మేనేజ్ చెయ్యండి. పేలిన మెరుపు, పొగ ఎడిటింగ్‌లో పెట్టుకోవచ్చు, అసలు పేలడం చూపించకుండా శబ్దం వినిపించి పక్షులు లేచిపోవడం చూపిస్తే ఇంకా బాగుంటుంది.

కెమెరా సెట్టింగ్స్

ఫోన్‌తో తీస్తున్నా సరే మాన్యువల్ కంట్రోల్ ఉన్న యాప్ వాడండి, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, ఐఫోన్‌కీ ఉంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకీ ఉంది. సెకనుకి 24 ఫ్రేమ్‌లు, షట్టర్ 1/48 లేదా 1/50, ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) వీలైనంత తక్కువ, వైట్ బ్యాలెన్స్ (రంగులు ఎంత వెచ్చగా కనిపించాలన్న సెట్టింగ్) ఎండకి 5600 కెల్విన్ దగ్గర లాక్. ఎక్స్‌పోజర్, ఫోకస్ కూడా లాక్ చెయ్యాలి, లేకపోతే మబ్బు వచ్చినప్పుడల్లా ఫోన్ తనంతట తనే వెలుతురు మార్చేస్తుంది, ఎడిటింగ్‌లో ఏడుపొస్తుంది. ఎండలో 1/50 పెడితే అంతా తెల్లగా మాడిపోతుంది, అప్పుడు ఎన్‌డీ ఫిల్టర్ కావాలి, కెమెరాకి నల్ల కళ్ళద్దాలు పెట్టినట్టు అన్నమాట. అది లేకపోతే షట్టర్ పెంచుకోక తప్పదు, కనీసం అన్ని షాట్లకీ ఒకేలా ఉంచండి.

ఫ్రేమ్ వెడల్పుగా 2.35:1, అంటే ఎత్తుకి 2.35 రెట్లు వెడల్పు అనుకుని తీయండి. 1920 వెడల్పు ఉన్న వీడియోలో ఎత్తు 817 పిక్సెల్స్ దాకా వస్తుంది, పైన కింద చెరో 130 పోతాయి, కాబట్టి షూట్ చేసేటప్పుడే ఆ గైడ్ లైన్స్ ఆన్ చేసుకోవాలి, లేకపోతే తర్వాత టోపీలన్నీ తెగుతాయి. లియోనే మొదట్లో వాడిన టెక్నిస్కోప్ అనే పద్ధతి కూడా తక్కువ ఖర్చుతో వెడల్పు ఫ్రేమ్ రావడానికి కనిపెట్టిందే, మామూలుగా పట్టే ఫిల్మ్‌లో సగం సరిపోయేది.

దూరం నుంచి మనిషి రావడం షాట్‌కి టెలీ లెన్స్, అంటే దూరాన్ని దగ్గరగా చూపించే పొడవు లెన్స్ కావాలి, ఫోన్‌లో వేరే టెలీ లెన్స్ ఉంటే అది, స్క్రీన్ మీద వేళ్ళతో చేసే డిజిటల్ జూమ్ కాదు. పొడవు లెన్స్‌లో మనిషి ఎంత నడిచినా దగ్గరికి వస్తున్నట్టే అనిపించదు, పైగా మధ్యాహ్నం వేడికి గాలి అలలు అలలుగా వణుకుతుంది. యాక్టర్‌ని నిజంగానే చాలా దూరం పంపించండి, ఫోన్‌లో మాట్లాడుకుంటూ క్యూ ఇవ్వండి. కెమెరా స్టాండ్ మీదే ఉండాలి. చేత్తో పట్టుకుని తీసిన వెస్టర్న్‌లో ఎదురుచూపు నిలవదు, ఫ్రేమ్ కదలకుండా ఉంటేనే అందులో కదిలే చిన్న చుక్క మీద కన్ను పడుతుంది.

షూట్ రోజు

ముందు రోజు రాత్రే బ్యాటరీలు, మెమరీ కార్డులు, ఎవరెక్కడికి ఎన్నింటికి రావాలో ఉన్న కాల్ షీట్ అందరికీ వెళ్ళిపోవాలి. షాట్లని కథ వరసలో కాకుండా ఎండ వరసలో తీయండి. నేనైతే వైడ్ షాట్లు పొద్దున్నే ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు తీసేస్తాను, నీడలు పొడవుగా పడి నేలకి లోతు వస్తుంది. క్లోజప్‌లు కూడా ఎండ అదే వైపు ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, మధ్యాహ్నం అయ్యాక మొహం మీద నీడ తిరిగిపోతే షాట్లు కలవవు. టోపీ కింద కళ్ళు నల్లగా పోతుంటే తెల్ల థర్మోకోల్ షీట్ కింద నుంచి పట్టండి, కంట్లో చిన్న మెరుపు వస్తుంది, ఆ మెరుపు ఉంటేనే మొహం బతుకుతుంది.

దుమ్ముకి సినిమావాళ్ళు వాడే ఫుల్లర్స్ ఎర్త్ అంటే మన ముల్తానీ మట్టే. యాక్టర్ వెనక నుంచి, ఎండ ఎదురుగా ఉన్నప్పుడు ఎగరేస్తే పొగలా మెరుస్తుంది. గాలి ఎటు వీస్తోందో చూసి ఎగరెయ్యండి, వేసేవాళ్ళకి మాస్క్, కళ్ళద్దాలు తప్పనిసరి, ఆస్తమా ఉన్నవాళ్ళు టీమ్‌లో ఉంటే ఆ షాట్ మానెయ్యండి. లెన్స్ మార్చడం లాంటివి ఆ దగ్గర్లో చెయ్యకండి.

యాక్టర్లకి చెప్పేది ఒక్కటే, తక్కువ చెయ్యండి. బూట్లు చూడగానే అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి నోరు తెరిస్తే అయిపోయింది. ఆమెకి ఒక పని ఇవ్వండి, చేతిలో తాడు పట్టుకునే ఉండమనండి, బూట్లు చూశాక ఆ తాడు నెమ్మదిగా వదలమనండి, చేద జారిపోయి కింద ఎక్కడో తగిలిన శబ్దం తర్వాత మనం వేస్తాం. మొహం కన్నా ఆ చెయ్యే ఎక్కువ చెప్తుంది. ప్రతి టేక్‌కీ యాక్షన్ చెప్పకముందు 5 సెకన్లు, కట్ చెప్పేముందు ఇంకో 10 సెకన్లు కెమెరా రోల్ అవుతూనే ఉండాలి, ఎడిటర్‌కి అవసరమయ్యే మంచి చూపులు చాలాసార్లు ఆ తోకలోనే దొరుకుతాయి. ఇంకో ట్రిక్, డైలాగ్ లేని షాట్లకి సెట్‌లో స్పీకర్ పెట్టి మీ మ్యూజిక్ ప్లే చెయ్యండి. లియోనే ఆ 1968 సినిమాకి సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనేతో ముందే మ్యూజిక్ చేయించుకుని సెట్‌లో వినిపించేవాడు, నడక, చూపు అన్నీ ఆ లయలో పడతాయి.

ఒకరు కంటిన్యుటీ మాత్రమే చూసుకోవాలి, వేరే పని చెప్పకండి. చేద ఏ చేతిలో ఉంది, చొక్కా చెయ్యి మడిచి ఉందా, టోపీ ఎంత వంపు, ప్రతి షాట్ చివర ఫోటో.

సౌండ్, దీని మీద సగం టైమ్ పెట్టండి

స్టూడెంట్ ఫిల్మ్‌లలో పిక్చర్ బాగుండి సౌండ్ పోయినవే ఎక్కువ కనిపిస్తాయి, వెస్టర్న్‌లో అలా పోతే ఇంక ఏమీ మిగలదు, ఎందుకంటే మాటలే లేవు కదా. లొకేషన్‌లో అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం ఊరికే ఆ చోటు శబ్దం రికార్డ్ చెయ్యండి, అన్ని కట్‌ల కిందా పరిచే దుప్పటి అదే. గాలి ఎక్కువుంటే మైక్‌కి బొచ్చు కవర్ వెయ్యాలి, లేకపోతే గాలి శబ్దం బదులు గుడగుడలు వస్తాయి.

మిగతావన్నీ తర్వాత గదిలో చెయ్యండి, ఫాలీ అంటారు. ట్రేలో ఇసుక, చిన్న రాళ్ళు పోసి బూటు చేత్తో పట్టుకుని నొక్కితే అడుగులు, తాళంచెవుల గుత్తి ఊపితే బూటు మడమ దగ్గరుండే ముల్లు చక్రం, పాత తోలు బెల్టు మెలిపెడితే జీను కిరకిర, గుర్రం కావాలంటే కొబ్బరి చిప్పలు ఇసుక మీద. గిలక మాత్రం నిజం గిలకే రికార్డ్ చెయ్యండి, దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి. మన ఓపెనింగ్‌లో హీరో ఆ గిలకే. అది తిరిగినంతసేపు బతుకు మామూలుగా ఉన్నట్టు, ఆగిన క్షణం ఏదో వచ్చినట్టు, ఎవరూ చెప్పకుండానే ప్రేక్షకుడికి ఎక్కేస్తుంది.

మ్యూజిక్‌కి ఫేమస్ ట్యూన్ ఎత్తుకొచ్చి పెట్టకండి, కాపీరైట్ సంగతి అలా ఉంచితే మీ సినిమా చూడాల్సినవాళ్ళు ఆ పాత సినిమాని గుర్తు తెచ్చుకుంటారు. మోరికోనే లియోనే సినిమాలకి వాడినవాటిలో ఈల, ఎలక్ట్రిక్ గిటార్, జ్యూస్ హార్ప్ లాంటి చిన్న చిన్నవి కూడా ఉన్నాయి. ఆ జ్యూస్ హార్ప్ మన మోర్సింగ్‌కి చుట్టమే. మీలో ఎవరికైనా మోర్సింగ్ పట్టుకోవడం వస్తే అదృష్టవంతులు, రాకపోతే ఈల వేసేవాడిని ఒకణ్ణి పట్టుకోండి, కొంచెం రివర్బ్, అంటే ఖాళీ హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని కలపండి. చివరి 20 సెకన్లకి తప్ప మ్యూజిక్ వద్దని నా అభిప్రాయం. బయటి సౌండ్స్ కావాలంటే ఫ్రీసౌండ్ లాంటి సైట్లలో దొరుకుతాయి, ఒక్కోదానికి లైసెన్స్ వేరుగా ఉంటుంది, చదివి, పేరు వెయ్యాల్సినవాటికి క్రెడిట్స్‌లో పేరు వెయ్యండి.

ఎడిటింగ్

షూట్ అయిన రాత్రే ఫుటేజ్ రెండు చోట్ల కాపీ చేశాకే కార్డు ఖాళీ చెయ్యండి. ఫోన్ ఫుటేజ్‌లో ఫ్రేమ్ రేట్ కొన్నిసార్లు అటూ ఇటూ అవుతుంది, దానివల్ల విడిగా రికార్డ్ చేసిన సౌండ్ మెల్లమెల్లగా తప్పుతుంది, అలాంటప్పుడు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 24కి మార్చుకుని ఎడిట్ మొదలుపెట్టండి. ఎడిట్‌కి డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు, కంప్యూటర్ బరువు మొయ్యలేకపోతే ఇంకేదైనా తేలికైన ఎడిటింగ్ యాప్ అయినా పర్లేదు.

మొదటి కట్ స్టోరీబోర్డ్ ప్రకారమే పెట్టి చూడండి, బాగోదు, అది మామూలే. తర్వాత ఒక్కో కట్ దగ్గర ఆగి అడగాల్సింది, ఇక్కడ చూసేవాడికి ఏం చూడాలని ఉంది? ఆమె ఎటో చూసింది, ఏం చూసిందో చూడాలని ఉంది, ఆ కోరిక పుట్టిన క్షణానికి ఒక్క సెకను తర్వాత చూపించండి. ఆ ఒక్క సెకనే టెన్షన్. వెంటనే చూపిస్తే సమాచారం అవుతుంది, మూడు సెకన్లు ఆపితే విసుగు.

సౌండ్ పిక్చర్‌కి ముందే రావాలి కొన్నిచోట్ల. అతని అడుగుల శబ్దం ఆమె మొహం మీదే మొదలై, తర్వాత కాళ్ళ షాట్‌కి కట్ అయితే జె కట్ అంటారు. ఆమె ముందు విని తర్వాత చూస్తోంది, మనం కూడా ఆమెతోనే ఉన్నాం. ఫేడ్‌లు, తిరిగే ట్రాన్సిషన్‌లు, ప్రతి షాట్‌కీ స్లో మోషన్, ఇవన్నీ పక్కన పెట్టండి, నేరుగా కట్ చాలు.

కలర్‌కి వచ్చేసరికి అందరూ ఒక్కసారిగా ఆరెంజ్ పోసేస్తారు. ముందు అన్ని షాట్ల వెలుతురు, వైట్ బ్యాలెన్స్ ఒకదానితో ఒకటి కలిపి, ఆ తర్వాత కొంచెం వెచ్చదనం. లొకేషన్ పచ్చగా ఉండిపోతే ఆకుపచ్చ రంగుని మాత్రం పట్టుకుని పసుపు వైపు జరిపి దాని గాఢత తగ్గించండి, గడ్డి ఎండినట్టు అయిపోతుంది, చర్మం రంగు మారలేదు కదా అని ఒకసారి చూసుకోండి. 

టైటిల్స్ చివర్లో గుర్తొచ్చి అతికించేవి కావు, వాటికి చోటు షూట్‌లోనే పెట్టుకోవాలి, ఆకాశం ఎక్కువ పెట్టమన్నది అందుకు కూడా. మామూలు వరస నిర్మాణ సంస్థ, నటులు, సినిమా పేరు, తర్వాత మ్యూజిక్, ఎడిటింగ్, కెమెరా, నిర్మాత, ఆఖరున దర్శకుడు. మన ఉదాహరణలో సినిమా పేరు చివర్లో పడుతుంది కాబట్టి మిగతా పేర్లన్నీ ముందు వైడ్ షాట్ల మీదే అయిపోవాలి, బూట్లు గట్టు మీదకి వచ్చాక ఇంకెవరి పేరూ కనిపించకూడదు. ఇంగ్లిష్ టైటిల్ అయితే పాత పోస్టర్ల చెక్క అచ్చు అక్షరాల్లాంటి ఫాంట్‌లు, రై, శాంక్రీక్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. తెలుగు టైటిల్ అయితే లావుగా, గట్టిగా ఉండే అక్షరాలు తీసుకుని అంచులు కొంచెం అరిగినట్టు చేస్తే సరిపోతుంది. ఎగిరే, తిరిగే యానిమేషన్ వద్దు, కట్‌తో రావాలి, కట్‌తో పోవాలి.

ఫైనల్ అనుకునే ముందు కథ తెలియని ఒకళ్ళని కూర్చోబెట్టి చూపించండి, చూపించే ముందు ఏమీ చెప్పకండి. అయిపోయాక ఆమె ఎవరు, అతను ఎందుకొచ్చాడనుకుంటున్నారు, తర్వాత ఏం చూడాలనుంది అని అడగండి. బూట్లు ఎవరివి అని వాళ్ళే మిమ్మల్ని తిరిగి అడిగితే పని అయినట్టే. ఆ కుట్టు సంగతి గమనించనే లేదంటే మోచేతి క్లోజప్‌ని ఇంకో సెకను పెంచండి, చివరి షాట్‌ని ముట్టుకోకండి, తప్పు ఎక్కువగా మొదట్లోనే ఉంటుంది.

ఎక్స్‌పోర్ట్ హెచ్.264 వీడియో ఫార్మాట్‌లో, 24 ఫ్రేమ్‌లు, సౌండ్ గరిష్ఠం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. చేశాక ఆ ఫైల్‌ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి హెడ్‌ఫోన్స్‌తో, ఒకసారి ఫోన్ స్పీకర్‌తో, కుదిరితే క్లాస్‌లో వేసే ప్రొజెక్టర్ మీదే ఒకసారి వెయ్యండి. ఫోన్ స్పీకర్‌లో లోతైన గాలి శబ్దం అసలు వినిపించదు, గిలక మాత్రం వినిపించి తీరాలి, వినిపించకపోతే దాన్ని పెంచి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసి అప్పుడు సబ్మిట్ చెయ్యండి.